ఇనుము అడిగే వేళ

జొన్న మొక్క ఇనుము అడిగేది పొద్దున పూట. ఎండ పొడ తగిలాక కాసేపు గట్టిగా అడుగుతుంది. పొద్దెక్కితే ఆపేస్తుంది. మళ్లీ తెల్లారేదాకా దొరికినదానితో సర్దుకుంటుంది.

ఈ మాట మా అమ్మాయి కైనాత్ చెప్పినప్పుడు నేను కరీంనగర్‌లో మా ఇంటి వంటగదిలో ఉన్నాను. ఇద్దరికి చాయ్ పెట్టాలంటే ఎన్ని నీళ్లు పోయాలో అప్పటికింకా నాకు కుదరడం లేదు. నా భార్య మక్సూదా పోయి ఏడాది కావస్తోంది.

"అడుగుడు అంటే ఎట్ల బేటీ? దానికి నోరుందా?" అన్నాను.

"వేరు కొసల నుంచి ఒక పదార్థం వదుల్తది అబ్బా. అది మట్టిలకు పోయి ఇనుమును పట్టుకుంటది. గా పట్టుకున్నదాన్ని వేరు మల్ల లోపలికి గుంజుకుంటది."

నల్లరేగడిలో ఇనుము లేక కాదట. బోలెడుంటుంది. కాని సున్నం పాలు ఎక్కువైన చోట అది తుప్పులాగా బిగుసుకుపోయి వేరుకు చిక్కదు. ఎదురుగా అన్నం ఉండి గిన్నె మూత రానట్టు. గడ్డిజాతి పంటలు, అంటే జొన్న, మక్క, వరిలాంటివి, ఆ మూత తీసే ఉపాయం కనిపెట్టాయి. నేను బీఎస్సీ చదివినవాణ్ణే. వృక్షశాస్త్రం గట్టెక్కి, ఆర్టీసీలో చేరి, కరీంనగర్ బస్టాండులో కంట్రోలర్‌గా రిటైరయ్యాను. మా చదువులో వేరంటే నీళ్లు పీల్చే గొట్టం, అంతే.

"మరి రోజూ అట్ల వదుల్కుంట పోతే మొక్కకు నష్టం గాదా?"

"గదే కదా నేను చూసేది." ఆమె గ్లాసు పక్కన పెట్టి నావైపు తిరిగింది. "డిపోల బస్సులన్నీ ఎప్పుడూ రోడ్డు మీదనే ఉంటయా?"

"ఉండయి."

"వేములవాడ జాతరకు?"

"స్పెషల్స్ వేస్తం."

"ఎవరు వేస్తరు?"

"కంట్రోలర్. ఇంకెవరు?"

"జొన్న వేరుల గూడ గట్లాంటి కంట్రోలర్ జీన్ ఒకటున్నది అబ్బా. ఇనుము తక్కువైందని తెల్వంగనే అది మిగతా జీన్లను నిద్రలేపి పనిలకు తోలుతది. ఇనుము అందినంక మల్ల పండుకోబెడ్తది."

ఉద్యోగమంతా మైకు ముందు కూర్చుని నేను చేసిన పనిని, ఆ మొక్క మట్టి కింద ఏ అరుపూ లేకుండా చేస్తోంది. నాకు దాని మీద గౌరవం కలిగింది. తోటి ఉద్యోగి మీద కలిగే గౌరవం.

కైనాత్ పరిశోధన వాళ్ల అమ్మీ జబ్బుతో చాలాకాలం ఆగింది. తర్వాత వేసిన పంటను అడవిపందులు మేసిపోయాయి. యూనివర్సిటీ వాళ్లు ఈ ఒక్క యాసంగి పంటకే గడువిచ్చారు. ఈసారి జొన్న వేళ్ల నమూనాలు చేతికి రాకపోతే ఆమె చదువు అక్కడితో సరి. ఆమె హైదరాబాద్ ల్యాబుకూ చేనుకూ మధ్య తిరుగుతుంటే చేను దగ్గర ఒక మనిషి కావాలి. నేనుంటానన్నాను. నాకు సేద్యం రాదు గాని కూర్చుని కనిపెట్టుకోవడం వచ్చు.

చేను ఆదిలాబాద్ వైపు, ఖానాపూర్ అవతల. హనుమండ్లు, కిష్టవ్వ దంపతులది. మాకు అందులో ఒక చెక్కను కౌలుకిచ్చి, చేను అంచున మోటరు గది పక్కన ఒక గదిని కూడా ఊడ్చి ఉంచారు. మేం దిగిన రోజు కైనాత్ ల్యాబు నుంచి తెచ్చిన పెద్ద అల్యూమినియం డబ్బాను చూసి హనుమండ్లు దాని చుట్టూ ఒకసారి తిరిగాడు. అందులో ద్రవ నైట్రోజన్ ఉంటుంది. తవ్విన వేరును క్షణంలో గడ్డకట్టించి, ఆ ఘడియలో వేరు లోపల ఏం నడుస్తోందో దాన్ని అట్లాగే నిలిపి ఉంచుతుంది.

"గిది బర్రెలకు సూడి సూదేసే డాక్టర్ దగ్గరుండే డబ్బా గదా?" అన్నాడు.

"అదే డబ్బా పెద్దనాయినా."

కిష్టవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఏంది బిడ్డా, జొన్నకు గూడ సూదేస్తవా?"

"ఎయ్యనియ్యే," అన్నాడు హనుమండ్లు. "దూడ పుడ్తె పాలు నాకు, పెండ నీకు."

నవ్వులయ్యాక కైనాత్ కిష్టవ్వను చేనులోకి తీసుకుపోయి మడులు చూపించింది. కొన్ని మడుల్లో వేరుకు అందే ఇనుము మందు ముందే వేసింది. మిగిలిన వాటి మూలల్లో కర్రలు పాతి ఎర్ర రిబ్బన్లు కట్టింది. ఆ మడుల్లోని మొక్కలు ఇనుము కొరతలోనే పెరగాలి.

"పెద్దమ్మా, గీ ఎర్ర రిబ్బన్లున్న మడులకు మట్టిల ఏం వెయ్యద్దు. పెంట గూడ వద్దు."

"మరి పాలిపోతే?"

"పాలిపోవాలెననే పెట్టిన."

"పాలిపోవాలెనని పంట పెట్టెటోళ్లను నిన్నే సూస్తున్న," అంది కిష్టవ్వ. అని, మట్టిలో ఏమీ వేయనని మాటిచ్చింది.

మొక్కలు మోకాలెత్తు రాకముందే పాలిపోవడం మొదలైంది. ముందు లేత ఆకులు. ఈనెలు ఆకుపచ్చగానే ఉండి వాటి మధ్య పసుపు చారలు పడ్డాయి. తర్వాత ఆ చారలు తెల్ల కాగితంలా అయ్యాయి. కైనాత్ వాటిని చూసి సంతోషించేది. కిష్టవ్వ కలుపుకు వచ్చినప్పుడల్లా ఆ మడుల దగ్గర నిలబడిపోయేది.

"పసిపోరగాండ్లకు కామెర్లయినట్టున్నది సాబ్. నాకు ముద్ద దిగుతలేదు."

"నీకు దిగకపోతే కుండ ఎట్ల ఖాళీ అయితున్నదే?" అనేవాడు హనుమండ్లు పక్క సాలులోంచి.

కిష్టవ్వ మాట తీసిపారేసేది కాదు. ఆమె చూపు ఆకు మీద ఉండేది, కైనాత్ చూపు వేరు మీద. ఒక పొద్దున కైనాత్ నన్ను పిలిచి, తవ్వి తీసిన ఒక మొక్కను గాజు గ్లాసులో నీళ్లలో ఉంచి చూపింది. నీళ్లు తేటగానే ఉన్నాయి. "గిప్పుడు గా నీళ్లలకు వదుల్తున్నది అబ్బా. కంటికి కనవడదు." నేను చాలాసేపు ఆ గ్లాసు ముందు కూర్చున్నాను. పైన ఆకు తెల్లబారి తల వాల్చింది. కింద వేరు మాత్రం పని మానలేదు. లేనప్పుడే అది ఎక్కువ పని చేస్తోంది.

నమూనాలు తీసే రోజు నవంబరు చివర్లో పడింది. దానికి ముందే మక్సూదా బర్సీ, ఏడాది దినం, వచ్చింది. ఫాతిహా చదివించడానికి ఇద్దరం కరీంనగర్ పోయి, అక్కడే డబ్బాలో నైట్రోజన్ నింపించుకుని, నమూనాలు తీసే ముందురోజు సాయంత్రానికి తిరిగి రావాలని అనుకున్నాం. బయల్దేరుతుంటే కిష్టవ్వ ఎదురొచ్చింది.

"యాడికి సాబ్, తండ్రీబిడ్డలు ఇద్దరు?"

"మా ఆమె పోయి ఏడాదైంది కిష్టవ్వా. బర్సీ."

ఆమె చేతిలో ఉన్న గంప దించింది. "అట్లనా. పోయిరాండ్రి. చేను ఫికర్ చేయకుండ్రి, మేమున్నం." కైనాత్ తల మీద చెయ్యి పెట్టింది. నేను దాన్ని ఊరడింపు మాటగానే తీసుకున్నాను.

ఆ ఊళ్లో ఒకరి చేను పనికి ఒకరు పోతారు. ఇయ్యాల నువ్వొస్తే రేపు నేనొస్తా. దాన్ని బదులు అంటారు. కాని ఒక ఇంటివాళ్లు చావుకో దినాలకో ఏడాది మాసికానికో పోయినప్పుడు, వాళ్ల చేన్లో ఏ పని ఆగి ఉందో చూసి వాడకట్టు వాళ్లు కలిసి చేసి పెడతారు. ఆ పనికి మాత్రం తిరిగి బదులు ఉండదు. ఎవరూ గుర్తు పెట్టుకోరు కూడా. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి.

తిరుగు ప్రయాణంలో ఖానాపూర్ బస్సు కండక్టర్ నన్ను గుర్తుపట్టి డబ్బాకు కూడా ఒక సీటు ఇచ్చాడు. మెట్‌పల్లి దాటేదాకా దాన్ని పట్టుకుని కైనాత్ నిద్రపోయింది. పొద్దు వాలుతుండగా చేను దగ్గరికి చేరాం. గట్టు మీద కిష్టవ్వ నిలబడి ఉంది. మా కోసమే ఎదురుచూస్తున్నట్టుంది.

"అన్నభేది కొట్టినం బిడ్డా!" అంది దూరం నుంచే.

అన్నభేది అంటే ఇనుము మందే. నిమ్మ ఉప్పు కలిపి నీళ్లలో కరిగించి ఆకుల మీద కొడితే పాలిపోయిన పైరు కొద్దిరోజుల్లో పచ్చబడుతుంది. ఆ ప్రాంతంలో తెలియనివాళ్లు లేరు. కిష్టవ్వ వేళ్లకు ఇంకా తుప్పు రంగు ఉంది.

కైనాత్ కదల్లేదు. "ఎర్ర రిబ్బన్లున్న వాటికా?"

"గవే గదా పాలిపోయినయి. మీ అవ్వ దినానికి పోయిన్రు, మీ చేను అట్ల సూసుకుంట ఊకుంటమా? మా వాడకట్టోళ్లమంత కలిసి కొట్టినం."

"మట్టిల ఏసిన్రా?"

"ఛ! నువ్ వద్దన్నవ్ గదా. సుక్క కింద పడకుండ ఆకు మీదనే కొట్టినం. మా ఆయన మీద ఒట్టు."

"ఒట్లకు నేనే దొరుకుత," అన్నాడు హనుమండ్లు వెనక నుంచి.

కైనాత్ డబ్బాను నెమ్మదిగా నేల మీద పెట్టింది. నేను ఆమె ముఖం చూశాను. చిన్నప్పుడు సైకిల్ మీంచి పడి, ఏడవాలా వద్దా అని నావైపు చూసినప్పటి ముఖం.

"ఎప్పుడు కొట్టిన్రు పెద్దమ్మా?"

"నిన్న పొద్దుగాల. నిర్మల్ బస్సు పోయినంక మొదలువెట్టినం."

"ఎటు దిక్కు నుంచి?"

"మోటరు కాడ నుంచి. గా అవుతలి రెండు మడులు మిగిలినయి, మందు అయిపోయింది. రేపు కొడ్తం."

"అవి ఉండనీ పెద్దమ్మా." ఆమె గొంతు మెత్తగానే ఉంది. "మా అమ్మీ కోసం చేసిన్రు. షుక్రియా."

కిష్టవ్వ సంతోషంగా ఇంటికి పోయింది. గదిలోకి రాగానే కైనాత్ గోడకు ఆనుకుని కూలబడి మోకాళ్లలో తల పెట్టుకుంది.

"అంతా పోయింది అబ్బా. ఆకులకు ఇనుము దొరికింది. ఇగ అవి కొరతల ఉన్న మొక్కలు గావు. రెండు మడులతోటి నేనేం రుజువు చేయాలె?"

స్టవ్ వెలిగించి చాయ్ పెట్టాను. నీళ్లు ఆ రోజు కుదిరాయి. గ్లాసు చేతికిచ్చి పక్కన కూర్చున్నాను. తిట్టలేదు కదా ఆ మనిషిని, అనుకున్నాను. నోటి దాకా వచ్చి ఉంటుంది. మక్సూదా ఉంటే ఈ ఒక్క సంగతే పదిమందికి చెప్పుకునేది.

చాయ్ సగం అయ్యాక కైనాత్ తలెత్తింది.

"అబ్బా, జాతరల జనం తగ్గిన్రని మీకెట్ల తెలిసేది?"

"వేములవాడ కంట్రోలర్ ఫోన్ చేసేటోడు. ఇగ చాలు అంటే నేను స్పెషల్స్ ఆపేది."

"మీ బస్టాండుల జనం ఉన్నా గూడనా?"

"మా దగ్గర ఏమున్నా, వాడి ఫోనే లెక్క."

ఆమె గ్లాసు కింద పెట్టింది.

"వేరు చుట్టూ మట్టి మొన్నటి మట్టే. దాంట్ల వేరుకు అందే ఇనుము లేదు. ఇనుము పైన ఆకులనే ఉన్నది. రేపు పొద్దున వేరు తన పక్కనున్న మట్టిని చూసి అడుగుతదా? లేకుంటే ఆకు ఫోన్ చేసిందని ఊకుంటదా?"

"ఏమో బేటీ. నువ్వే చెప్పాలె."

"నేను గాదు. వేరు చెప్పాలె." లేచి ముఖం కడుక్కుని, రేపటికి కావలసిన కత్తెరలు, చిమ్టాలు, సీసాలు వరసగా పేర్చడం మొదలుపెట్టింది.

ఆదిలాబాద్ వైపు చలి సంగతి తెలిసిందే. మర్నాడు వెలుగు రాకముందే చేన్లో దిగాం. మంచుకు ఆకులు తడిసి ఉన్నాయి. కైనాత్ మొక్కను మట్టి పెళ్లతో సహా తవ్వి తీస్తే నేను బకెట్లో కడిగేవాణ్ణి. వేరు కొస కత్తిరించి సీసాలో వేసి డబ్బాలోకి దించేది. ప్రతిసారీ తెల్లని పొగ లేచి మా చేతుల మీదుగా కిందికి జారేది. మందు కొట్టని రెండు మడులు, కొట్టిన మడులు, ముందునుంచీ మట్టిలో ఇనుమున్న మడులు, మూడు రకాలూ తీసింది. సూర్యుడు వచ్చాక మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టింది. పొద్దెక్కేదాకా అట్లా తిరుగుతూనే ఉంది. ఆమె వేళ్లు చలికి కొయ్యబారుతుంటే కిష్టవ్వ కాగిన నీళ్ల బిందె తెచ్చి గట్టు మీద పెట్టింది. ఎవరూ అడగలేదు. కైనాత్ అందులో చేతులు ముంచి కళ్లు మూసుకుంది.

హనుమండ్లు నా పక్కకు వచ్చాడు. అతను అన్నీ గమనించే మనిషి.

"మందు కొట్టుడు తప్పైందా సాబ్?"

నాకు అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. జరిగింది చెప్పాను. అతను బీడీ తీసి, వెలిగించకుండానే మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

కైనాత్ డబ్బాతో హైదరాబాద్ పోయిన సాయంత్రం కిష్టవ్వ నా గది గడప దగ్గరికి వచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు.

"బిడ్డ సదువు నేనే ఆగం జేసిన్నా సాబ్?"

"తెల్వది కిష్టవ్వా. కైనాత్‌కు గూడ ఇంక తెల్వది."

"గంత పెద్ద సదువుకు అడ్డం పడితిని. ఒక్క మాట అనకపాయె నన్ను. తిట్టినా బాగుండు."

ఆ తర్వాత ఆమె నవ్వడం మానేసింది. నాకు రోజూ గట్క, పచ్చిపులుసు పంపేది, హనుమండ్లు చేత. వారం తిరిగేసరికి మందు కొట్టిన మడులు చక్కగా పచ్చబడ్డాయి. చూడాలని ఆమె అంత ఆరాటపడ్డ పచ్చదనమే. కాని ఆమె కలుపు తీసేటప్పుడు వాటికి వీపు తిప్పి కూర్చునేది. ఆ సాళ్ల మధ్య నేను తిరుగుతుంటే, మట్టి కింద ఏం నడుస్తోందో నాకు కనిపించేది కాదు. పైన ఒక మనిషి మాత్రం కనిపించేది. ల్యాబు నుంచి ఫోను వచ్చినప్పుడల్లా ఆమె కొడవలి ఆగేది. ఇంకా కాలేదు అని నేను తల ఊపేవాణ్ణి.

ఆ ఏడు రంజాన్ జొన్న కోతల్లో వచ్చింది. ఉపవాసంతో నేను గట్టు మీద నీడలో కూర్చున్నాను. మధ్యాహ్నం బస్సు దిగి కైనాత్ ఎండలో నడుచుకుంటూ వచ్చింది. నాకు సలాం చెప్పి, సంచీ నా ఒళ్లో పడేసి, నేరుగా కిష్టవ్వ కంకులు కోస్తున్న సాల్లోకి పోయింది. నేనూ లేచి వెనకాల పోయాను.

"పెద్దమ్మా, వేరు ఊకున్నది!"

"ఏ వేరు?"

"నువ్ మందు కొట్టిన మడులల్ల. మట్టిల ఇనుము దొరకకున్నా, ఆకుకు అందినంక గా కంట్రోలర్ జీన్ అడుగుడు తగ్గించింది. కొట్టని రెండు మడులల్లనేమో మస్తు అడిగినయి. ఆకు చెప్పిన మాట వేరు ఇన్నది పెద్దమ్మా. వేరే పంటలల్ల గిట్ల చూసిన్రట. గీ నేలల, గీ జొన్నల ఎవరూ చూడలే."

"గవన్ని నాకేం తెలుస్తయి. మంచిదా చెడ్డదా, ఒక్క ముక్కల చెప్పు."

"మంచిది. మా గైడ్ మేడం రెండుసార్లు సదివింది. గడువు ఇంకో యాసంగి దాకా పెంచిన్రు."

కిష్టవ్వ కొడవలి కింద పెట్టి సాళ్ల మధ్యనే కూర్చుంది. కొంగుతో ముఖమంతా తుడుచుకుంది. హనుమండ్లు దూరంగా చూస్తూ గట్టిగా దగ్గాడు.

"ఇంకో యాసంగి ఎందుకు మరి? తేలింది గదా," అంది చివరికి.

"ఒక్కసారి చూసింది లెక్కకు రాదు. అందులో కొట్టనివి రెండే మడులాయె. ఈసారి సగం మడులకు నువ్వే, మల్ల అట్లనే కొట్టాలె. సగం ఇడిచిపెట్టాలె."

"పక్కపక్కనేనా?"

"పక్కపక్కనే."

"గీ పక్కదానికి తాపి, గా పక్కదాన్ని అట్లనే ఉంచాల్నా?"

"ఔ పెద్దమ్మా."

కిష్టవ్వ చాలాసేపు ఆ చేను వైపు చూసింది. కంకులు కోసిన మొండి చొప్ప తప్ప అక్కడేమీ లేదు. ఆమెకు మాత్రం తెల్లబారిన లేత ఆకులు కనిపిస్తున్నాయని నాకు అనిపించింది.

"కొట్టుడైతే కొడ్త బిడ్డా. నీ సదువు కోసం గా సగం జోలికి పోను. గని నేను వాటిని సూసుకుంట తిరగలేను. గా దినాలల్ల గీ బాటన రాను. కాలువ కట్ట మీది నుంచి తిరిగొస్త."

"ఊరు సుట్టు తిరిగొస్తవా పనికి?" అన్నాడు హనుమండ్లు.

"వస్త. నావి కాళ్లు, నీయి గావు."

ఆమె ఆ మాట అన్న తీరుకు కైనాత్ నవ్వింది. కొద్దిసేపటికి కిష్టవ్వ కూడా. సాయంత్రం మగ్రిబ్ వేళకు కొత్త జొన్నలతో రొట్టెలు చేసి తెచ్చి, మేం ఖర్జూరం నోట్లో వేసుకునేదాకా చేతిలోనే పట్టుకుని నిలబడింది. మేం గదిని ఇంకో యాసంగికి ఉంచుకున్నాం. నేను కరీంనగర్ పోయి మిగతా బట్టలు, మక్సూదా పెద్ద గిన్నె తెచ్చుకోవాలి.

మర్నాడు తెల్లవారుజామున ఫజర్ నమాజు అయ్యాక నేను ఒక్కణ్ణే ఆ కాలువ కట్ట మీద నడిచి చూశాను. ఊరి చివర నుంచి మొదలై, చేన్లన్నీ చుట్టి, మా గది వెనక్కి వచ్చి తేలుతుంది. చాలా దూరం. మధ్యలో రెండు మూడు చోట్ల తుమ్మ కొమ్మలు విరిగి బాటకు అడ్డం పడి ఉన్నాయి. వెనక్కి వచ్చి హనుమండ్లు దగ్గర గొడ్డలి తీసుకుని మళ్లీ పోయాను. నాకు ఆ పని అలవాటు లేదు. ఎండ ఎక్కేలోగా చేతనైనన్ని నరికి, ముళ్లన్నీ కాలువ వైపుకు లాగేశాను.